పైనుంచి చప్పుడు

కాజాలక్క స్నానాల గదిలోంచి తువ్వాలు భుజాన వేసుకుని తిరిగి వచ్చేసరికి పక్క మంచం మీద టైపు టీచరు పరుపు చుట్టేసి ఉంది.

ఆ చుట్ట మీద దిండు నిలబెట్టి ఉంది. మంచం కింద చెప్పులు లేవు. కిటికీ గట్టు మీద మందుల డబ్బా లేదు. నేల అప్పుడే తుడిచారేమో, ఫినాయిలు వాసన ముక్కుకి కొడుతోంది. ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. జుట్టు చివర్ల నుంచి నీళ్ళు కారి వీపు తడుస్తున్నా తువ్వాలు అందుకోవడం మరిచిపోయింది.

"టీచరమ్మేదీ?" అంది.

ఆయా బకెట్లో గుడ్డ పిండుతూ, "మార్చారు" అంది.

"పొద్దున నాతో టీ తాగిందే! బిస్కెట్టు మెత్తబడిందని నసపెట్టిందే!"

"టీ తాగి లేవబోయి కూలబడింది. నిలబెడితే కాలు నిలవలేదు. డాక్టరుగారికి ఫోను చేస్తే మార్చెయ్యమన్నారట. మీరు లోపల నీళ్ళు పోసుకుంటున్నారు." ఆయా తడి చేత్తోనే పైకప్పు కేసి చూపించి, బకెట్టు ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ వృద్ధుల హోమ్‌లో ఆ సైగ చాలు. కింది అంతస్తులో ఉండేది తమ కాళ్ళ మీద తాము తిరిగేవాళ్ళు. పై అంతస్తు లేవలేనివాళ్ళది. లిఫ్టు తాళం మేట్రన్ నడుముకి వేలాడుతుంటుంది. మెట్లున్నాయి గాని ఎవరూ ఎక్కరు. ఎక్కకూడదని గోడ మీద రాసిలేదు. ఎవరూ ఎక్కరు, అంతే. పైకి వెళ్ళినవాళ్ళ ఊసు కింద ఎత్తరు. ఎత్తితే వాళ్ళ కళ్ళు తమ మీద పడతాయన్నట్టు మాట తప్పించేస్తారు. తప్పక ఎత్తాల్సి వస్తే, "పాపం, మంచి మనిషి ఉండేది" అంటారు.

పైవాళ్ళకి బట్టలూ దుప్పట్లూ అన్నీ హోమ్‌వే. సొంత సామాను మూటగట్టి సామాన్ల గదిలో పడేస్తారు. అందుకని, మూట కట్టేలోగా పక్కగదులవాళ్ళు గుర్తుగా తలా ఒక వస్తువు తీసుకోవడం అలవాటైపోయింది. కాజాలక్క ఇంకా గుమ్మంలో ఉండగానే ఎదురుగదిలో ఉండే రేడియో వచ్చేసింది. రేడియో అసలు పేరేమిటో ఎవరికీ అక్కర్లేదు. పొద్దున కళ్ళు తెరిచినప్పటి నుంచి ఆమె నోరు మూతపడదు.

"అయ్యో, అయ్యో! నిన్న రాత్రి కూడా నన్ను తిట్టిందమ్మా, నువ్వు నోరు మూస్తే ఊరు బాగుపడుతుందని. ఇంకెవరు తిడతారు నన్ను?" అంటూనే అలమరలోంచి దంతం రంగు దువ్వెన తీసుకుని కొప్పులో గుచ్చుకుంది. "నువ్వేం తీసుకుంటావక్కా? ఆ బూడిదరంగు స్వెటరు నీకు సరిపోతుంది. నువ్వు తీసుకోకపోతే ఆయా తీసుకుంటుంది, చెప్తున్నా."

కాజాలక్క స్వెటరు తీసుకుంది. ఒళ్ళో పెట్టుకుని మంచం మీద కూర్చుంది. గుండీల దగ్గర అలవాటుగా వేలితో తడిమింది. ఒక కాజా దారం ఊడి నోరు తెరుచుకుని ఉంది. రెడీమేడ్ చొక్కాల కార్ఖానాలో బతుకంతా కాజాలు కుట్టిన చెయ్యి అది. చిరిగిన కాజా చూస్తే ఊరుకోలేని చెయ్యి ఆ రోజు ఊరుకుంది.

ఆ తరవాత ఆమె హాలుకి వెళ్ళడం మానేసింది.

హాల్లో రోజూ మధ్యాహ్నం టీ ముందు ఆటలూ పాటలూ ఉంటాయి. కొత్తగా వచ్చిన అమ్మాయి ఆడిస్తుంది. ముసలివాళ్ళ చేత ఆడించడం, పాడించడం చదువుకుని వచ్చిందట. మొదటి రోజే, పాత బస్సు డ్రైవరుగారు ఆమెకి ఆటలమ్మ అని పేరు పెట్టేశాడు. "చిన్నప్పుడు ఒకసారి ఆటలమ్మ వస్తే మళ్ళీ రాదన్నారు, ఈ వయసులో వచ్చిందేమిటండీ" అని ఒళ్ళు గోక్కుంటూ అందర్నీ నవ్వించాడు. ఆ అమ్మాయీ నవ్వింది. అప్పట్నుంచి పేరదే.

కాజాలక్క తలుపు దగ్గరగా వేసుకుని గోడకేసి తిరిగి పడుకునేది. హాల్లోంచి పాట వినిపిస్తే చెవి మీద దుప్పటి కప్పుకునేది. అన్నం పళ్ళెం మంచం దగ్గరికే తెమ్మంది. మొదట బెంగతో లేవలేదు. వారం గడిచేసరికి లేవబోతే మోకాళ్ళు ఎవరివో పరాయివాళ్ళవిలా ఉన్నాయి. మంచం పట్టె పట్టుకుని, బల్ల పట్టుకుని, గోడ పట్టుకుని బాత్రూముకి వెళ్ళి వచ్చేసరికి చెమటలు పట్టేవి.

మేట్రన్ రెండు పూటలు గుమ్మంలో నిలబడి చూసింది. మూడోసారి లోపలికొచ్చింది.

"సోమవారం డాక్టరుగారు వస్తున్నారక్కా. అందర్నీ చూస్తారు."

"చూడనీ."

"చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవాలి. కిటికీ దాకా వెళ్ళి రావాలి. అంతే. అది కూడా చెయ్యలేకపోతే నేనేం చెయ్యను చెప్పు? నువ్వు పడి తుంటి విరగ్గొట్టుకుంటే మీ అమ్మాయికి నేను జవాబు చెప్పాలి." మేట్రన్ చెడ్డ మనిషి కాదు. దుప్పటి సరిచేసి వెళ్ళింది.

ఆ సాయంత్రమంతా కాజాలక్క పైకప్పు చూస్తూ పడుకుంది. దాని మీద నడుస్తున్నవాళ్ళ అడుగుల చప్పుడు ఏనాడూ వినబడలేదు. నడిచేవాళ్ళుంటే గదా.

*

శనివారం నాడు ఆటలమ్మ తలుపు తోసుకుని వచ్చింది. మంచం పక్కన కుర్చీ ఉన్నా కూర్చోలేదు. చంకలో తెచ్చుకున్న పొట్టి పీట వేసుకుని నేల మీద కూర్చున్నంత కిందుగా కూర్చుంది. ఎప్పుడూ అంతే, పెద్దవాళ్ళు తల దించి తనతో మాట్లాడాలి గాని ఎత్తి కాదు.

"హాలుకి రండమ్మా."

"నాకు పాట రాదు."

"ఎవరికొచ్చు? డ్రైవరుగారి గొంతు విన్నారుగా. లారీ వెనక్కి వస్తున్నట్టుంటుంది. ఊరికే కూర్చోండి. నోరు విప్పక్కర్లేదు."

"నడవలేను."

"హాలు దాకా నా భుజం పట్టుకోండి. నేను మరీ ఎత్తయిపోయానని మా అమ్మ గోల, మీరు కాస్త నొక్కితే తగ్గుతానేమో చూద్దాం."

సోమవారం గుర్తొచ్చి కాజాలక్క లేచింది. స్వెటరు తొడుక్కుంది. ఆ కాసింత దూరానికి మూడుచోట్ల ఆగారు. ఆగినప్పుడల్లా ఆటలమ్మ, ఆగింది తనే అన్నట్టు, చెప్పు సరిచేసుకుంది.

హాల్లో కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. టైపు టీచరు కూర్చునే చోట కుర్చీ తీసేసి, ఇటూ అటూ దగ్గరికి జరిపేశారు. కాజాలక్క ఆ చోటు తెలిసీ చూడకుండా కూర్చుంది. ఆటలమ్మ ముందు మెత్తటి బంతి ఒకరి కాలు నుంచి ఒకరి కాలుకి తన్నించింది. తరవాత చెక్క రింగులు తెచ్చి ఒక్కొక్కరి ముందూ కర్ర నిలబెట్టింది. రింగు వేసిన ప్రతిసారీ, మాటల్లో పెట్టి, కర్రని కాలితో కాస్త వెనక్కి జరిపేది. మనుషులు తెలియకుండానే కుర్చీ అంచుకి వచ్చి ముందుకి వంగేవారు. కాజాలక్క కనిపెట్టింది.

"ఏయ్, జరుపుతున్నావు."

"మీ కళ్ళు ఇంకా సూదిలో దారం ఎక్కిస్తాయి, నాకెందుకొచ్చిన గొడవ" అని ఆటలమ్మ సంచిలోంచి ఒక దళసరి గుడ్డ ముక్క, లావుపాటి ఊలు దారం, మొద్దు సూదీ తీసి ఆమె ఒళ్ళో పెట్టింది. గుడ్డకి ముందే పెద్ద పెద్ద రంధ్రాలు చేసి ఉన్నాయి.

కాజాలక్క దాన్ని తిప్పి చూసింది. "ఇవి కాజాలా, ఎలుకలు కొట్టిన కన్నాలా?"

"మీరు కుడితే కాజాలు. లేకపోతే ఎలుకలే."

డ్రైవరుగారు పకపకా నవ్వాడు. ఆమెకి కోపం వచ్చింది. సూది గుచ్చి, దారం మెలేసి, మెలికలోంచి సూది పైకి లాగింది. ఇంకోటి. వేళ్ళు మొదట తడబడ్డాయి గాని, ఆ పైన వాటి దారి అవి పట్టాయి. తల వంచుకుని కుడుతూండగానే పాట మొదలైంది. ఆ పాట ఆటలమ్మే కట్టింది. పెద్దవాళ్ళు పట్టుకోవడానికి వీలుగా, ఒక్కో వరస చివర ఊపిరి తీసుకునేంత ఖాళీ వదిలింది.

తలుపు తీసి చూడవమ్మా, వాన వెలిసిపోయెను.

ణంగ్.

కాజాలక్క సూది ఆగింది.

తడిసిన పిట్టొకటి వచ్చి తీగ మీద వాలెను.

ణంగ్.

హాలు మూలన, పైకప్పులోంచి దిగి నేలలోకి పోయే నీళ్ళ గొట్టం ఉంది. చప్పుడు అందులోంచి వచ్చింది. రేడియో పాడుతున్నదల్లా నోరు మూసుకుంది. ఆ మనిషి నోరు మూయడం చూసి మిగతావాళ్ళ గొంతులూ సన్నబడ్డాయి.

"గొట్టంలో గాలి" అన్నాడు డ్రైవరుగారు. ఈసారి నవ్వించడానికి అన్నట్టు లేదు.

"గాలి వరస చూసుకుని వస్తుందా? వారం నుంచీ ఇదే..." అని రేడియో సగంలో ఆపింది.

"పైన ఎవరున్నారు?" అంది ఆటలమ్మ.

ఒకాయన దగ్గాడు. ఇంకొకావిడ టీ ఇంకా రాలేదేమిటంది.

కాజాలక్క గొట్టం కేసి తిరిగింది. వరస చివర ఆ దెబ్బ ఆమెకి తెలుసు. టైపు టీచరు జీవితమంతా పిల్లలకి టైపు నేర్పింది. మిషన్ మీద వరస చివరికొస్తే గంట మోగుతుంది; ఆ గంటకి మీట పక్కకి లాగకపోతే అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడి నల్లటి మరకవుతాయి. మిషన్లు పోయినా ఆమె వేలికి ఆ గంట పోలేదు. పాటలో వరస అయితే కుర్చీ చేతి మీద గోటితో టక్కుమని ఒకటి. మేట్రన్ చీవాట్లు పెడుతూ ఊపిరి తీసుకుంటే ఒకటి. పాట పాడవుతోందని ఆటలమ్మ మాన్పించబోయి, తన వల్ల కాక వదిలేసింది.

రెక్క దులిపి చూసెనమ్మా, ఎండ ఎక్కడుందని.

ణంగ్.

పోయినావిడ పిలుస్తోంది, అనుకుంది కాజాలక్క. సోమవారం లోపలే పిలుస్తోంది. తొడుక్కున్న స్వెటరు ఒంటికి ఇనుములా తగిలింది.

*

ఆదివారం పొద్దున కూతురు వచ్చింది. వారానికోసారి వచ్చి తల్లి గోళ్ళు తీసి, తల దువ్వి, మడిచిన బట్టలు మళ్ళీ మడిచి వెళ్తుంది. బేకరీలో తెల్లవారుజామున పని; ఒంటికి ఎప్పుడూ కాలిన చక్కెర వాసన.

"కాళ్ళు వాచాయేమిటే అమ్మా? తిరగడం మానేశావట, మేట్రనమ్మ చెప్పింది."

"నాకు టైమయింది."

"ఎక్కడికి?"

"టైపు టీచరు పిలుస్తోంది."

గోరు తీస్తున్న చెయ్యి ఆగింది. "ఆవిడ పోయారా? అయ్యో! ఎప్పుడు? నాకు చెప్పలేదేం?"

"పై అంతస్తుకి మార్చారు."

"మార్చారు. సరే. పోయింది ఎప్పుడూ?"

కాజాలక్క స్వెటరు గుండీలు పెట్టుకుంది.

"ఎవరు చెప్పారమ్మా పోయిందని?"

"ఎవరూ చెప్పలేదు. ఇక్కడ ఎవరూ చెప్పరు."

"మరి నువ్వు వెళ్ళి చూశావా?"

"ఎవరూ వెళ్ళరే."

కూతురు ఆమె మొహంలోకి చూసింది, జ్వరం ఉందేమోనని నుదురు తాకి చూసింది. "మనిషి ఈ కప్పుకి పైన మంచం మీద ఉంటే, ఇక్కడ నువ్వు ఆవిడ స్వెటరు వేసుకుని ఏడుస్తున్నావా? బతికున్న మనిషిదా ఇది? విప్పు, ఉతికి ఇస్తాను."

"విప్పను."

"నీ మొండితనంతో మా నాన్న ఎలా పడ్డాడో" అంది కూతురు, రెండో చెయ్యి అందుకుంటూ. గోళ్ళన్నీ అయ్యాక తల్లి పాదాలు ఒళ్ళో పెట్టుకుని, వాపు దిగేలా కింద నుంచి పైకి రాసింది. బస్సు టైమయితే లేచింది. గుమ్మం దాటుతూ, "ఆవిణ్ణి అడిగానని చెప్పు" అంది.

భోజనాలయ్యాక హోమ్ అంతా నిద్రపోయే వేళ కాజాలక్క మెట్ల దగ్గర నిలబడింది. మెట్ల పక్క కమ్మీ మీద దుమ్ము లేదు. ఆయాలు రోజూ తుడుస్తారు. అది చూసి ఆమెకి వింతగా అనిపించింది. పైకి వెళ్ళే దారి అందరూ వాడే దారిలాగే ఉంది.

కమ్మీ పట్టుకుని ఎడమకాలు వేసింది. కుడికాలు దాని పక్కకి తెచ్చుకుంది. ఊపిరి పీల్చుకుని మళ్ళీ ఎడమకాలు. తొందరపడితే కుట్టు వదులవుతుంది. ఒకటి బిగిసాకే రెండోది. మలుపు దగ్గర కిటికీ గట్టు మీద చెయ్యేసి నిలబడితే కాళ్ళు వణుకుతున్నాయి, కాని అవి తన కాళ్ళే. కింద ఎవరో తలుపు వేసిన చప్పుడైంది. దిగిపోదామనుకుంది. దిగడానికి వంగి చూస్తే ఎక్కడం కన్నా దిగడమే భయమేసి, పైకే వెళ్ళింది.

పైన చీకటిగా ఉంటుందనుకుంది. కింద కన్నా వెలుగు ఎక్కువగా ఉంది. రెండు వరసల్లో మంచాలు, తెల్ల దుప్పట్లు, ఇస్త్రీ చేసిన కర్టెన్లు. ఎక్కడా దుర్వాసన లేదు. బల్లల మీద మందులూ నీళ్ళూ వరసగా ఉన్నాయి. అన్నీ ఉండి, ఒక్క మాట లేదు. మంచాల మీద మొహాలు కొన్ని ఆమె వైపు తిరిగాయి. ఒక మూల మంచం మీద గడ్డం నెరిసిన ఒకాయన నోరు తెరుచుకుని కప్పుకేసి చూస్తున్నాడు. కింద 'పాపం, మంచి మనిషి ఉండేది' అని ఎప్పుడో అనిపించుకున్న ఒకావిడ అక్కడ కూర్చుని దుప్పటి అంచు మడతపెడుతోంది.

కిటికీ పక్క మంచం మీంచి ఒక గొంతు వచ్చింది. మాట ఒక పక్కకి జారుతోంది గాని విసుగు మాత్రం పాతదే.

"దెయ్యమైనా సొంత స్వెటరు వేసుకుని రాకూడదుటే? నాది తగిలించుకొచ్చావు?"

టైపు టీచరు కుడివైపు చచ్చుబడి ఉంది. ఎడమ చేతిలో స్టీలు చెంచా. ఆ చెయ్యికి అందేలా గోడ వెంట నీళ్ళ గొట్టం.

కాజాలక్క రెండడుగులు వేసి మంచం పట్టె పట్టుకుంది. "టీచరమ్మా! బతికే ఉన్నారా!"

"నువ్వు ఉన్నావా లేదా, అది చెప్పు ముందు. ఏదీ, చెయ్యి ఇలా ఇవ్వు." చెంచా దుప్పటి మీద పడేసి ఆమె ముంజేయి పట్టుకుని గట్టిగా గిల్లింది.

"అబ్బా!"

"ఉన్నావు" అంది టైపు టీచరు. కళ్ళలోంచి నీళ్ళు చెవి వైపు జారాయి. తుడుచుకోలేదు. "పోయావనుకున్నానే. రోజూ కింద పాడతారు, కిటికీలోంచి అంతా వినబడుతుంది. రేడియో గొంతు ఉంది. లారీ గొంతు ఉంది. వరస దాటి పక్క వీధిలోకి పోయే నీ గొంతు లేదు. ఒకరోజు చూశా, రెండ్రోజులు చూశా. వారమంతా లేదు. నేను వచ్చేశాక బెంగతో పోయిందనుకున్నా. అడిగితే ఎవరు చెప్తారు? పైవాళ్ళకి కిందవాళ్ళ ఊసు చెప్పరు, బెంగపెట్టుకుంటారని."

"అందుకని కొట్టారా?"

"ఉంటే గుర్తుపడతావని. గొంతు కలుపుతావని. నిన్నా కొట్టా. కలపలేదు."

నిన్న కాజాలక్క నోరు మూసుకుని కూర్చుంది. మంచం మీద, చచ్చుబడిన కాలి పక్కన కూర్చుని ఆ పాదం తన ఒళ్ళోకి తీసుకుంది. చల్లగా ఉంది. పొద్దున కూతురు రాసినట్టు కింద నుంచి పైకి రాయడం మొదలుపెట్టింది.

"ఇక్కడ ఎలా ఉందండీ?"

"అన్నీ మంచం దగ్గరికి వస్తాయి. అన్నం వస్తుంది, మందు వస్తుంది, నీళ్ళు వస్తాయి. మనిషే రాడు." టైపు టీచరు గడ్డంతో మూలకి చూపించింది. "ఆ ముసలాయన్ని చూడు. రోజంతా అంతే, కప్పు చూస్తూ. మీ పాట మొదలైతే కళ్ళు ఇటు తిప్పుతాడు. అయిపోయాక ఇంకాసేపు ఇటే చూస్తాడు. ఆ ఆవిడ పిట్ట దగ్గరికొచ్చేసరికి పెదాలు కదుపుతుంది. నేను గొట్టం కొడుతుంటే ఆయాలు చెంచా లాక్కోబోయారు. ఈవిడ వాళ్ళ చెయ్యి కొరికింది."

కాజాలక్కకి నవ్వొచ్చింది. నవ్వుతూనే అంది, "రేపు డాక్టరు వస్తాడు. కుర్చీలోంచి లేవలేకపోతే ఇక్కడికే పంపిస్తారు. మీ పక్క మంచం ఖాళీగానే ఉందిగా. లేవను. వచ్చేస్తాను."

"వచ్చి?"

"వచ్చి... మీ పక్కన ఉంటాను."

"ఉండి? ఇద్దరం కలిసి కింద రేడియో అరుస్తుంటే విందామా?" టైపు టీచరు కాలు లాక్కోబోయింది, అది కదలక, మొహం తిప్పుకుంది. "కిందనుంచి ఎక్కి వచ్చావు చూడు, అలా రా. రోజూ రా. మంచం మీద వస్తే మాత్రం నీతో మాట్లాడను."

మేట్రన్ మెట్లెక్కి వచ్చేసరికి కాజాలక్క రెండో పాదం పట్టుకుని ఉంది. మేట్రన్ ముందు ఆమెని చూసింది, తరవాత మెట్లను చూసింది.

"ఎలా వచ్చావు?"

"ఎక్కి."

"పడితే?" అంది మేట్రన్. కాని ఆ మాటలో బలం లేదు. మూల మంచం మీది ముసలాయన ఎవరొచ్చారా అని తల తిప్పి చూస్తున్నాడు.

*

సోమవారం నాడు కాజాలక్క అందరికన్నా ముందు హాలుకి వచ్చింది. ఒక్కొక్కరూ కూర్చుంటూంటే ఒకే మాట చెప్పింది. "టైపు టీచరు ఉంది. నేను చూశాను."

రేడియో కొప్పులోని దువ్వెన మీద చెయ్యేసుకుంది. మెల్లిగా తీసి చీర కుచ్చెళ్ళలో దాచుకుంది. "నేను అప్పుడే అన్నానమ్మా గాలి కాదని" అంది. ఇంకొకావిడ, ఆ ఊసెందుకక్కా డాక్టరు వచ్చేవేళ అంది. అందరూ నేల చూశారు. డ్రైవరుగారు మాత్రం కుర్చీ జరుపుకుని దగ్గరికొచ్చాడు.

"పోస్టుమాన్ ఉన్నాడా అక్కా పైన? పొట్టిగా ఉంటాడు. నాతో రోజూ పేకాడేవాడు. ఆడి ఓడిపోయి ముక్కలు విసిరికొట్టేవాడు."

"మూల మంచం మీద ఒకాయన ఉన్నాడు. గడ్డం పెరిగింది. పడుకున్న మనిషి పొట్టో పొడుగో నాకు తెలీలేదు."

"గడ్డం..." అన్నాడు డ్రైవరుగారు. "రోజూ గీసుకునేవాడే." ఆపైన ఏ జోకూ వెయ్యలేదు.

డాక్టరు వచ్చి మేట్రన్ పక్కన కుర్చీలో కూర్చున్నాడు. ఆటలమ్మ తన పీట మీంచే, "పాట అయ్యాక చూద్దురుగాని డాక్టరుగారూ, మధ్యలో ఆపితే మళ్ళీ అందుకోలేరు" అంది. పైవాళ్ళ దగ్గరికి కూడా వెళ్తానని పొద్దున ఆ అమ్మాయి మేట్రన్‌ని అడిగిందట. వాళ్ళకి ఆటలేంటమ్మా అందట మేట్రన్. కిటికీలు మాత్రం ఆ రోజు ఆటలమ్మ తనే బార్లా తెరిచింది.

కాజాలక్క ఒళ్ళో దళసరి గుడ్డ పెట్టుకుని గొంతెత్తింది. గొంతు మొదటి వరసలోనే పక్క వీధిలోకి పోయింది. ఆమె లాక్కురాలేదు. పోనిచ్చింది.

తలుపు తీసి చూడవమ్మా, వాన వెలిసిపోయెను.

ణంగ్. ణంగ్. ఈసారి రెండు. రేడియో ఫక్కున నవ్వి నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది.

తడిసిన పిట్టొకటి వచ్చి తీగ మీద వాలెను.

ణంగ్.

రెక్క దులిపి చూసెనమ్మా, ఎండ ఎక్కడుందని.

అందరూ ఆగారు. వరస చివర ఖాళీ ఖాళీగానే ఉంది. కాజాలక్క గొట్టం కేసి చూసింది. డాక్టరు వాచీ చూసుకున్నాడు. ఆటలమ్మ ఒక్క క్షణం ఆగి చివరి వరస ఎత్తుకుంది.

ఎదురు మేడ కిటికీలో మెరుపులాగ ఉందని.

చప్పుడు లేదు.

ఆటలమ్మ పాట మళ్ళీ మొదటి నుంచి అందుకుంది. వాన వెలిసింది. చప్పుడు లేదు. పిట్ట వాలింది. లేదు. ఒక్కొక్కరి గొంతే తగ్గుతూ వచ్చింది. అందరి కళ్ళూ నేల వైపు దిగుతున్నాయి. ఇంక ఎవరూ ఆ పేరెత్తరు. ఎవరో ఒకరు టీ ఏదీ అంటారు. అంతే, అయిపోతుంది.

కాజాలక్క రెండు చేతుల్లో గుడ్డా సూదీ ఉన్నాయి. వాటితోనే లేచి నిలబడింది.

కుర్చీల మధ్య నుంచి నడిచింది. డాక్టరు పక్క నుంచి, కిటికీ పక్క నుంచి నడిచింది. డాక్టరు చూపు ఆమె మోకాళ్ళ మీద నిలిచింది. మేట్రన్ సగం లేచి, "ఎక్కడికక్కా? డాక్టరుగారు చూడాలి" అంది.

"నేను చూడాలి ముందు" అంది కాజాలక్క.

చెంచా జారిపోయిందేమో. నిద్ర పట్టిందేమో. ఆపైన ఉన్న మూడో మాట కూడా ఆమెకి తెలుసు. ఏదైనా సరే, చుట్టిన పరుపు చూసి తెలుసుకోదు.

గుమ్మం దగ్గర వెనక్కి తిరిగింది. పాట ఆగిపోయింది. ఆటలమ్మ కూడా నోరు తెరిచి చూస్తోంది.

"పాట ఆపారేం?" అంది కాజాలక్క. "పాడండి. పైన మిగతావాళ్ళు వింటున్నారు."

ఆమె మొదటి మెట్టు మీద ఎడమకాలు పెట్టేసరికి హాల్లోంచి రేడియో గొంతు ఒంటరిగా లేచింది. దాని వెనక ఇంకొకటి, ఇంకొకటి కలిశాయి. లారీ గొంతు మాత్రం అందులో లేదు. అది తన వెనకే, కమ్మీ పట్టుకుని ఆయాసపడుతూ వస్తోంది.

"నిమ్మళంగా వెళ్ళక్కా," అంటోంది. "నేనూ వస్తున్నా."